చీటీ మోసినోళ్ళు

"గాళ్ళేం జేసిండ్రని సచ్చిండ్రు? ఉత్తపుణ్యానికి పానం పాయె."

హనుమకొండలో ఒక చిన్న హాల్లో సినిమా అయిపోయి లైట్లు వెలిగాక వెనక వరసలోంచి వచ్చిన మాట ఇది. షేక్‌స్పియర్ నాటకం హ్యామ్లెట్ కథను ఇద్దరు చిన్నపాత్రల వైపు నుంచి చెప్పిన సినిమా అది, పేరు 'రోసెన్‌క్రాంట్జ్ అండ్ గిల్డెన్‌స్టెర్న్ ఆర్ డెడ్'. పక్కనున్నవాళ్ళంతా అవునన్నట్టు తలలూపారు. రోసెన్‌క్రాంట్జ్, గిల్డెన్‌స్టెర్న్ అనే నోరు తిరగని పేర్లున్న ఆ ఇద్దరి మీద ఆ హాల్లో పుట్టిన జాలి నిజమైనదే. కానీ ఆ మాట మాత్రం సరైంది కాదు. వాళ్ళు ఒక పని చేశారు. సినిమా దాన్ని దాచలేదు, దాటేయలేదు. మనమే జాలిలో పడి దాన్ని పట్టించుకోలేదు.

పెద్ద విషాదాన్ని చిన్నవాళ్ళ వైపు నుంచి చెప్పాలన్న కోరిక ఇప్పుడు చాలామంది రాసేవాళ్ళలో ఉంది. మంచి కోరికే. అయితే చిన్నవాడు గనక అమాయకుడు అని మొదలుపెట్టిన కథ పదో పేజీ దాటదని నా అభిప్రాయం. ఆ చిన్నవాడి చేతిలో ఒక చీటీ ఉండాలి. దాన్ని విప్పే వీలు అతనికి ఉండాలి. విప్పాక ఏం చేశాడో మనం చూడాలి. ఈ ఒక్కటి లేకపోతే మిగతా కష్టమంతా వృథా.

సముద్రం మీద విప్పిన ఉత్తరం

సినిమా 1990ది. 1966లో ఎడిన్‌బరోలో మొదటిసారి ఆడిన తన నాటకాన్ని టామ్ స్టాపర్డ్ తానే దర్శకత్వం వహించి తెరకెక్కించాడు. గ్యారీ ఓల్డ్‌మన్, టిమ్ రాత్ ఆ ఇద్దరు. వెనిస్‌లో గోల్డెన్ లయన్ అందుకుంది. ఇవి తెలిసినవే. మళ్ళీ మళ్ళీ చూడాల్సింది ఓడ మీది రంగం.

యువరాజు హ్యామ్లెట్‌ను ఈ ఇద్దరూ ఇంగ్లండ్‌కు తీసుకుపోతున్నారు. వాళ్ళ దగ్గర, అన్నను చంపి గద్దెనెక్కిన హ్యామ్లెట్ చిన్నాన్న క్లాడియస్ రాజు ఇచ్చిన ముద్ర వేసిన ఉత్తరం. అక్కడి రాజు ముందు నిలబడి ఏం మాట్లాడాలో తెలియక ఇద్దరూ రిహార్సల్ వేసుకుంటారు. ఒకడు రాజు, ఒకడు దూత. ఆటలో మునిగిపోయి రాజు వేషంలో ఉన్నవాడు ఉత్తరం చించి చదువుతాడు. చేరగానే హ్యామ్లెట్ తల తీయించమని అందులో రాసి ఉంది.

అక్కడినుంచి గిల్డెన్‌స్టెర్న్ మాటలు చెవిపెట్టి వినాలి. చావు ఎవరికైనా ఉన్నదే, అతను మనిషే కదా, మనుషులు పోతుంటారు. అసలు చావు మంచిదో చెడ్డదో ఎవరు చూసొచ్చారు? రాజుల సంగతి రాజులకే తెలియాలి, మనబోటివాళ్ళం మధ్యలో వేలు పెడితే ఏం ముంచుకొస్తుందో. ఈ తీరుగా వేదాంతం, లోకజ్ఞానం, భయం మూడింటినీ కలిపి నూరి, ఆ ముద్దతోనే ఉత్తరం మళ్ళీ అతికించేస్తాడు. రోసెన్‌క్రాంట్జ్‌కు మనసొప్పదు. అతను మన స్నేహితుడు కదా అన్నట్టు గొణుగుతాడు. గొణిగి ఊరుకుంటాడు.

ఆ రాత్రి వాళ్ళు నిద్రపోయాక హ్యామ్లెట్ ఉత్తరం మార్చేస్తాడు. సముద్రపు దొంగలు పడతారు, హ్యామ్లెట్ మాయమవుతాడు. మళ్ళీ ఉత్తరం విప్పితే ఈసారి అందులో ఉన్నవి తమ పేర్లే. చివరికి గిల్డెన్‌స్టెర్న్ అంటాడు, మొదట్లో ఎక్కడో 'కాదు' అనగలిగిన క్షణం ఒకటి ఉండే ఉంటుంది, ఎట్లనో అది మన చేయి జారింది అని. హాలు కరిగిపోయేది ఈ మాటకే. కానీ ఆ క్షణం మొదట్లో ఎక్కడో లేదు. కాసేపటి క్రితమే మన ముందు జరిగింది. ఉత్తరం మీది లక్క ఇంకా ఆరలేదు.

షేక్‌స్పియర్ ఈ సంగతి తేల్చకుండా వదిలేశాడు. ఆయన నాటకంలో 20 రంగాలుంటే వీళ్ళిద్దరూ 8 రంగాల్లో కనపడతారు. రాజు పిలిస్తే వచ్చి, చిన్ననాటి స్నేహితుడి మనసులో ఏముందో కూపీ లాగబోయి దొరికిపోయి, చివరికి అతన్ని ఓడ దాకా తీసుకుపోతారు. ఆ తర్వాత రంగం మీదికి రారు. ఐదో అంకంలో హ్యామ్లెట్ తన స్నేహితుడు హొరేషియోకు చెప్తాడు: చీకట్లో తడుముకుంటూ వాళ్ళ దగ్గరున్న ఉత్తరం తీసి, కొత్తది రాసి, తన సంచిలో ఉన్న తండ్రి ముద్రతో ముద్ర వేసి పెట్టానని. ఆ పనిని వాళ్ళే కోరి నెత్తికెత్తుకున్నారని, వాళ్ళ చావు తన మనసుకు తాకలేదని అంటాడు. ఉత్తరంలో ఏముందో వాళ్ళకు తెలుసా లేదా అన్నది ఎక్కడా లేదు. ఈ కథకు మూలమైన సాక్సో గ్రమాటికస్ లాటిన్ చరిత్రలో వాళ్ళకు పేర్లే లేవు. ఇద్దరు సేవకులు, చెక్క మీద చెక్కిన ఉత్తరం, అంతే.

అంటే స్టాపర్డ్‌కు రెండు దారులూ తెరిచే ఉన్నాయి. వాళ్ళను ఏమీ తెలియనివాళ్ళుగా ఉంచి మన కన్నీళ్ళు సులువుగా రాబట్టుకోవచ్చు. ఆయన ఉత్తరం విప్పించాడు. ఆ సినిమాను నేను గౌరవించేది ముఖ్యంగా ఇందుకే.

మిగతా సినిమాల్లో ఈ ఇద్దరి గతి చూడండి. 1948లో లారెన్స్ ఒలివియర్ తీసిన హ్యామ్లెట్‌లో వాళ్ళను మొత్తానికే తీసేశాడు, కథ నడిచిపోయింది. అంత సులువుగా తీసేయగలిగిన మనుషులు. 2014లో విశాల్ భరద్వాజ్ 'హైదర్'లో వాళ్ళు కశ్మీర్‌లో వీడియో పార్లర్ నడిపే ఇద్దరు సల్మాన్లు, సల్మాన్ ఖాన్ వీరాభిమానులు. మొదట నవ్విస్తారు. స్నేహితుడి ఆచూకీ మోసేది వాళ్ళేనని తెలిశాక నవ్వు గొంతులో ఆగిపోతుంది. తనను చంపడానికి తీసుకుపోతున్న ఆ ఇద్దరినీ హైదర్ రాయితో కొట్టి చంపే రంగం చూడటం కష్టం. అది వాళ్ళ వైపు నుంచి చెప్పిన కథ కాదు, అయినా వాళ్ళ చేతిలోని చీటీని భరద్వాజ్ మరిచిపోలేదు.

సుంకరికి చదువు రాదు

దీనికి ఎదురుమాట ఉంది, అది బలమైనది. మన ఊళ్ళల్లో పటేలు చీటీ మోసినవాడు సుంకరి. కొన్నిచోట్ల మస్కూరి అంటారు. చావడి నుంచి కబురు పట్టుకుని రాత్రనక పగలనక నడిచినవాడు, డప్పు కొట్టి చాటింపు వేసినవాడు, వచ్చిన అధికారి మూట నెత్తిన పెట్టుకున్నవాడు. దొర గడి నుంచి వచ్చిన చీటీలో ఒకరి భూమి పోవడమో, ఒకరి వీపు పగలడమో రాసి ఉండొచ్చు. దాన్ని మోసిన పాపం సుంకరిదా? 'కాదు' అని ఏ నోటితో అంటాడు? అంటే ఆ రాత్రికి అతని ఇల్లు ఉంటుందా? చిన్నవాడి తప్పు వెతకడమంటే పెద్దవాడి తప్పును పంచి పలచన చేయడం కాదా?

ఈ మాట ముందు చాలాసేపు ఆగిపోవాల్సి వస్తుంది. దీన్ని పక్కకు నెట్టి రాసే కథ క్రూరమైన కథ అవుతుంది.

కానీ ఒకటి గమనించండి. ఆ రోజుల్లో సుంకరికి చదువు రాదు. చీటీలో ఏముందో అతనికి తెలియకుండా ఉండటం మీదే ఆ ఏర్పాటంతా నిలబడింది. రోసెన్‌క్రాంట్జ్, గిల్డెన్‌స్టెర్న్ సుంకర్లు కారు. యువరాజుతో కలిసి పెరిగినవాళ్ళు, చదువుకున్నవాళ్ళు, రాజు నోటి నుంచి నేరుగా ప్రతిఫలం మాట విన్నవాళ్ళు. ఉత్తరం విప్పితే చదవగలరు, చదివితే అర్థమవుతుంది, ఓడ మీద వాళ్ళను ఆపేవాడు లేడు. సుంకరికి వీటిలో ఒక్కటీ లేదు. వీళ్ళకు మూడూ ఉన్నాయి. కాబట్టి ఇద్దరినీ 'చిన్నవాళ్ళు' అనే ఒకే గంపలో వేస్తే అన్యాయం జరిగేది సుంకరికే.

మన దగ్గరి కథ ఎత్తుకునేవాళ్ళు తడబడేది ఇక్కడే. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు, దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ రోజును చిన్నపాత్రల వైపు నుంచి చెప్పాలంటే చెయ్యి మొదట పోయేది గడిలో వెట్టి చేసే మనిషి మీదికి. అతనిది బాధే, కానీ అతని ముందు రెండు దారులు లేవు. అతన్ని కథకు మధ్యలో నిలబెడితే మనం రాసేది అతని కష్టాల జాబితా అవుతుంది, విషాదం కాదు. అదే గడిలో బత్తెం లెక్కలు రాసే గుమాస్తా ఒకడున్నాడనుకుందాం. అక్షరం వచ్చినవాడు. ముందు రోజు తన పుస్తకంలో ఎవరికెంత రాశాడో, ఎందుకు రాశాడో అతనికి అర్థమై ఉండాలి. కథ అతని దగ్గర ఉంది. ఆ గుమాస్తాను రాక్షసుణ్ణి చేయకుండా, దేవుణ్ణీ చేయకుండా, ఆ రాత్రి దీపం ముందు కూర్చోబెట్టి రాయడం చాలా కష్టం. రాయాల్సింది మాత్రం అదే.

ముందు పట్టిక వేయండి

స్క్రిప్టు మొదలుపెట్టే ముందు మూలకథను రంగాలవారీగా విడగొట్టాలి. హ్యామ్లెట్ అయితే 20 వరసలు. ఒక్కో వరసకు ఐదు గడులు: రంగంలో ఎవరున్నారు, మనవాళ్ళు అక్కడున్నారా, లేకపోతే ఆ సమయానికి ఎక్కడుండాలి, ఆ రంగం అయ్యేసరికి వాళ్ళకు నిజంగా ఏం తెలుసు, ఏం తెలుసని వాళ్ళు అనుకుంటున్నారు. చివరి రెండు గడుల మధ్య తేడాలోంచే సినిమా పుడుతుంది. పెద్ద చార్టు మీద పెన్సిల్‌తో వేయడం మంచిది, ఎందుకంటే పదిసార్లు చెరపాల్సి వస్తుంది.

ఈ పట్టిక వేయగానే కొన్ని సంగతులు బయటపడతాయి. మొదటి అంకంలో వాళ్ళు లేరు, అంటే తండ్రి దెయ్యం కొడుకుతో ఏం చెప్పిందో వాళ్ళకు తెలియదు. కథకు అసలు కారణమే వాళ్ళ చెవిన పడలేదు. స్క్రిప్టులో ఎక్కడైనా పొరపాటున దెయ్యం మాట వాళ్ళ నోట వస్తే అక్కడే అతుకు ఊడిపోయినట్టు. హ్యామ్లెట్ చేతిలో మంత్రి పొలోనియస్ చచ్చాడని తెలుసు, శవం ఎక్కడుందని హ్యామ్లెట్‌ను అడగడానికి పంపేది వీళ్ళనే, కానీ తల్లి గదిలో జరిగింది వీళ్ళు చూడలేదు. హ్యామ్లెట్ ప్రేమించిన ఓఫీలియా నీళ్ళల్లో పోయే సమయానికి వీళ్ళు ఊళ్ళో లేరు. ఆ చావు వాళ్ళకు ఎప్పటికీ తెలియదు. ప్రేక్షకుడికి తెలుసు. ఆ తేడాను డైలాగుతో చెప్పకూడదు. ఓడ మీద వాళ్ళలో ఒకడు ఓఫీలియాను మామూలుగా తలుచుకుంటే చాలు.

ఖాళీలు ఎక్కడున్నాయో చూడండి. అన్నిటికంటే పెద్దది నాలుగో అంకం నాలుగో రంగానికీ ఐదో అంకం చివరికీ మధ్య. సముద్రప్రయాణం మొత్తం అందులో పడుతుంది. షేక్‌స్పియర్ దాన్ని ఒక జాబుతో, కొంత సంభాషణతో సరిపెట్టాడు. స్టాపర్డ్ తన నాటకం మూడో అంకమంతా అక్కడే నడిపాడు. రెండో ఖాళీ వాళ్ళు కోటకు చేరకముందు, దారిలో. నాణేల ఆట అక్కడిది. నాటకంలో వరసగా 92 సార్లు బొమ్మే పడుతుంది. లెక్క వేస్తే అలా పడే అవకాశం దాదాపు 5 పక్కన 27 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యలో ఒకటి. అది వింత కోసం పెట్టింది కాదు. ఈ లోకంలో ఫలితాలు ముందే రాసిపెట్టి ఉన్నాయని మొదటి ఐదు నిమిషాల్లోనే చెప్పడానికి. నేర్చుకోవాల్సింది మాత్రం డబ్బు సంచుల దగ్గర: గిల్డెన్‌స్టెర్న్ సంచి ఖాళీ అవుతుంటే రోసెన్‌క్రాంట్జ్ సంచి నిండుతుంటుంది. ఎన్నిసార్లు పడిందో లెక్కపెట్టకపోయినా, రెండు తోలుసంచుల ఆకారం చూస్తే అర్థమైపోతుంది.

తప్పులు ఎక్కువగా జరిగే చోట్లు మూడు ఉన్నాయి, వాటిలో పెద్దది ఫ్లాష్‌బ్యాక్. చిన్నపాత్రకు ఊరు, తల్లి, తీరని ప్రేమ ఇచ్చేస్తే అతను చిన్నపాత్రగా మిగలడు, ఇంకో సినిమాకు హీరో అవుతాడు. స్టాపర్డ్ మనుషులకు తెల్లవారకముందే తలుపు కొట్టిన రాజదూత తప్ప గతమేదీ సరిగా గుర్తుండదు. రెండోది, వాళ్ళు లేని గదిలోకి కెమెరా దానంతటది దూరిపోవడం. ఒక్కసారి దూరిందంటే ఆ తర్వాత వాళ్ళ అయోమయం మనకు అంటదు. తలుపు సందులోంచి చూడొచ్చు, మెట్ల కింద నుంచి వినొచ్చు, అంతవరకే. మూడోది, మూలంలోని మాటలు మార్చడం. రాజు వాళ్ళతో మాట్లాడే రంగాల్లో స్టాపర్డ్ షేక్‌స్పియర్ మాటలనే ఉంచుతాడు. కొండ కదిలితే దాని కింద నలిగేవాడి బాధ నమ్మబుద్ధి కాదు.

సినిమాకని స్టాపర్డ్ కొత్తగా కలిపిన ఒక వరస ఉంది, నాటకంలో లేనిది. రోసెన్‌క్రాంట్జ్ తనకు తెలియకుండానే భౌతికశాస్త్రం కనిపెడుతుంటాడు. వరసగా వేలాడదీసిన కుండల్లో మొదటిదాన్ని వదిలితే చివరిది మాత్రమే ఎగరడం చూస్తాడు. ఆనందంతో గిల్డెన్‌స్టెర్న్‌ను పిలిచి చూపించబోతే కుండ పగులుతుంది. ఇది నవ్వుకు పెట్టింది అనుకునేవాళ్ళున్నారు. నాకు మాత్రం ఉత్తరం రంగానికి పునాది ఇక్కడే పడిందనిపిస్తుంది. ఈ మనిషి కళ్ళు పనిచేస్తున్నాయి, నిజం అతనికి కనపడుతోంది. పక్కవాడు ఒక్క క్షణం ఆగి చూడడు, చూపించేటప్పుడు చేయి తడబడుతుంది. ఓడ మీద జరిగేదీ ఇదే. రోసెన్‌క్రాంట్జ్‌కు తప్పు తెలుస్తుంది, చెప్పబోతాడు, చెప్పలేకపోతాడు. అతను తెలివితక్కువవాడైతే మనం క్షమించి ఊరుకునేవాళ్ళం.

మన దగ్గర ఇంటర్వెల్ కూడా ఉంది. హ్యామ్లెట్‌నే తీస్తే అది ఓడ ఎక్కే చోట పడాలి. పొలోనియస్ చావు దగ్గర వేయాలనిపిస్తుంది, ఎందుకంటే కత్తి, రక్తం అక్కడున్నాయి. కానీ ఆ కత్తి మనవాళ్ళది కాదు.

ఎవరు ఏ భాష మాట్లాడాలి

ఈ కథను తెలుగులో చేస్తే అన్నిటికంటే పెద్ద చిక్కు భాష. ఇంగ్లీషులో అది తేలిక. పెద్దకథ లోపలికి రాగానే పాత పద్యభాష మొదలవుతుంది, వెళ్ళిపోగానే ఇద్దరూ మామూలు మాటల్లో పడతారు. చెవి వెంటనే పట్టుకుంటుంది. మనకూ ఆ ఏర్పాటు ఉంది: రాజు రాగానే పద్యనాటకం, పోగానే "ఏందిరా, ఏమన్నడు? నీకేమన్న సమజైందా?" వినడానికి ముచ్చటగా ఉంటుంది.

ప్రమాదం కూడా ఆ ముచ్చటలోనే ఉంది. తెలుగు సినిమా ఏళ్ళ తరబడి తెలంగాణ మాటను రౌడీ నోట్లోనో, నవ్వించేవాడి నోట్లోనో పెట్టింది. రాజు ఒక భాష, ఈ ఇద్దరు తెలంగాణ అని పంచితే తెర మీద ఏం జరుగుతున్నా హాలు ముందు నవ్వుతుంది. ఉత్తరం విప్పిన రంగంలో కూడా నవ్వుతుంది. కాళోజీ పుట్టినరోజును భాషాదినంగా జరుపుకునే నేల మీద ఆ నవ్వు మళ్ళీ కొనితెచ్చుకోకూడదు.

దారి లేకపోలేదు. పద్యం వినపడేది మూలకథ రంగాల్లో మాత్రమే. బయట హొరేషియో, కాటికాపరి, ఓడవాడు, ఓఫీలియా దాసి అందరూ ఇక్కడి మాటే మాట్లాడాలి. అందులో గంభీరమైనవాళ్ళు, పిసినారులు, మంచివాళ్ళు అందరూ ఉండాలి. అప్పుడు తెలంగాణ మాట ఆ లోకం మాట అవుతుంది, పద్యమే పైనుంచి వచ్చిపడేదవుతుంది. ఇంకొకటి, ఉత్తరాన్ని ఏ భాషలో రాయించాలి? నా లెక్క ప్రకారం కచేరీ భాషలో: అర్జీలు, ఫర్మానాల తీరులో, సగం ఉర్దూ మాటలతో. ఇద్దరూ దాన్ని కూడబలుక్కుంటూ చదవాలి. 'సర్ తన్ సే జుదా', అంటే తల మొండెం నుంచి వేరు, అన్న చోట ఒకడు ఆగి రెండోవాడి మొహం చూడాలి. చదవడం వచ్చినా అర్థం కావడానికి కొన్ని క్షణాలు పట్టే ఆ జాగాలోనే నటులకు పని దొరుకుతుంది.

కథ ముందే తెలిసి ఉండాలి

లండన్ ప్రేక్షకుడికి హ్యామ్లెట్ చివర ఏమవుతుందో తెలుసు. ములుగులోనో జమ్మికుంటలోనో టికెట్ కొన్నవాడికి తెలియాల్సిన పని లేదు. పెద్దకథ తెలియకపోతే చిన్నవాళ్ళ అయోమయం, ప్రేక్షకుడి అయోమయం ఒకటైపోతాయి. జాలి పుట్టదు, విసుగు పుడుతుంది.

తెలిసిన కథకు ఎంత బలముందో 'మాయాబజార్' చూస్తే అర్థమవుతుంది. 1957 నాటి ఆ సినిమాలో పాండవులు ఒక్కసారి కూడా తెర మీదికి రారు. భారతం వాళ్ళదే, వాళ్ళు లేరు. శశిరేఖతో పాట పాడుతున్న అభిమన్యుడికి పద్మవ్యూహంలో ఏం రాసిపెట్టి ఉందో ఆ సినిమా ఎక్కడా చెప్పదు. చూసే ప్రతి ఒక్కరికీ తెలుసు. అది విషాదం కాదు, కానీ పెద్దకథను తెర బయట నిలబెట్టి లోపల కథ నడిపే పద్ధతి మనకు కొత్తేమీ కాదనడానికి అదొక్కటి చాలు.

హ్యామ్లెట్‌కు ఆ సౌకర్యం లేదు కాబట్టి స్టాపర్డ్ పద్ధతినే పట్టుకోవాలి. దేశం తిరిగే నటుల బృందంతో కథ మొత్తాన్ని మూకాభినయంగా ఆడిస్తాడు ఆయన. ఇక్కడ ఆ పని పటం కథకు అప్పజెప్పొచ్చు. చేర్యాల నకాషీ పటం, ఎర్రటి నేల మీద అడ్డవరసలుగా బొమ్మలు. కథకుడు కర్రతో ఒక్కో బొమ్మను చూపుకుంటూ పోతాడు, విప్పిన మేరకు పై వరసలూ కనపడుతూనే ఉంటాయి. నాలుగు నిమిషాల్లో రాజు చావు, తమ్ముడి పెళ్ళి, కొడుకు పగ అన్నీ చెప్పేయొచ్చు. కింది అంచులో చేతిలో చీటీతో రెండు చిన్న బొమ్మలు. కథకుడి కర్ర వాటి దగ్గర ఆగకుండా దాటిపోవాలి. కెమెరా అక్కడే ఆగాలి.

ఏనుగుల వెంట ఇద్దరు

ఇన్ని చెప్పాక హ్యామ్లెట్ దాకా ఎందుకు, ఓరుగల్లులోనే ఈ కథ ఉంది కదా అనిపిస్తుంది. 1323లో ఢిల్లీ సేనల చేతిలో కాకతీయుల కోట పడిపోయింది. ప్రతాపరుద్రుణ్ణి పట్టుకుని ఢిల్లీకి పంపారు. ఆ ప్రయాణాన్ని ఢిల్లీ చరిత్రకారుడు జియాఉద్దీన్ బరనీ ఒకటి రెండు వాక్యాల్లో తేల్చేశాడు: రాజును, ఏనుగులను, ఖజానాను, బంధువులను, పరివారాన్ని ఇద్దరికి అప్పగించి పంపారు. ఒకడు ఖదర్ ఖాన్ బిరుదు పొందిన మాలిక్ బేదార్, రెండోవాడు ఖ్వాజా హాజీ. పెద్దకథలో వాళ్ళకు దక్కింది ఆ కాస్త చోటే. ముసునూరి ప్రోలయనాయకుడి విలస తామ్రశాసనం రాజు సోమోద్భవ ఒడ్డున, అంటే నర్మద దగ్గర, చనిపోయాడంటుంది. వందేళ్ళ తర్వాత, 1423లో, రెడ్డి రాణి అనితల్లి వేయించిన కలువచేరు శాసనం ఆయన తన ఇష్టప్రకారమే స్వర్గానికి పోయాడంటుంది.

బరనీ వాక్యానికీ శాసనాల వాక్యాలకూ మధ్య ఒక ప్రయాణమంత ఖాళీ ఉంది. ఓరుగల్లు నుంచి నర్మదకు గీత గీసి కొలిచినా 500 కిలోమీటర్లు దాటుతుంది. అంత మంది, అన్ని ఏనుగులు కదిలితే రోజుకు 20 కిలోమీటర్లు గొప్ప. నెలకు తక్కువ పట్టదు. ఒక్కో పెద్ద ఏనుగుకు రోజుకు 150 కిలోల మేత కావాలి, మునగడానికి నీళ్ళు కావాలి. కాబట్టి ఆ ఇద్దరి పొద్దంతా మేతకూ నీళ్ళకూ సరిపోయి ఉండాలి. రాజును చూసే తీరిక ఎక్కడిది? చిన్నవాళ్ళను చిన్న పనుల్లో ముంచి ఉంచడమే ఈ తరహా కథకు సగం బలం, ఇక్కడ ఆ పని ఏనుగులే చేసిపెడతాయి.

మరి వాళ్ళ చేతిలో చీటీ ఏది? చరిత్రలో లేదు. కల్పించాలి, కల్పించామని దాచకుండా కల్పించాలి. కలువచేరు మాటను పట్టుకుంటే ఒక దారి దొరుకుతుంది. నర్మద ఒడ్డున గుడారాలు వేసిన సాయంత్రం రాజు ఒక్కటే అడుగుతాడు: ఈ రాత్రి నది వైపు కాపలా తీసేయండి. ఎందుకో చెప్పడు. ఇద్దరికీ అర్థమవుతుంది. తీస్తే సుల్తాను ముందు తలలు పోవచ్చు. తీయకపోతే ఆ మనిషిని ఢిల్లీ వీధుల్లో నడిపించాల్సింది తామే. ఓడ మీద ఉత్తరం అతికించడం తప్పని సులువుగా చెప్పగలిగాం. ఇక్కడ ఏది తప్పో చెప్పడం అంత తేలిక కాదు, అందుకే ఇది ఇంకా బరువైన కథ అవుతుంది. శాసనాలు రెండు రకాలుగా చెప్తున్నాయి గనక తెర మీద కూడా తేల్చకూడదు. తెల్లవారి మావటి ఒకడు ఏనుగును నీళ్ళకు దింపుతూ ఆగిపోవడం వరకే చూపాలి.

తర్వాతి రంగం ఢిల్లీలో, అప్పగింత దగ్గర. ఏనుగులను లెక్కపెడుతున్నారు, ఖజానా పెట్టెలు తూస్తున్నారు. రాజు పేరున్న వరస దగ్గర లేఖకుడి కలం ఆగుతుంది, అతను తలెత్తి ఇద్దరివైపూ చూస్తాడు. ఎవరు ముందు నోరు తెరవాలి? మాలిక్ బేదార్ అయితే బిరుదున్నవాడు, హోదా ప్రకారం అతనే మాట్లాడాలి. నాకు మాత్రం ఖ్వాజా హాజీ చేత మాట్లాడించాలనిపిస్తుంది. అతను సైన్యం లెక్కలు చూసే అధికారి ఆరిజ్ దగ్గర నాయబు, అంటే సహాయకుడు. సైనికుల పేర్లు, గుర్రాల గుర్తులు సరిచూసి పట్టీలో ఎక్కించే కచేరీ అది. ఉన్న మనిషిని ఉన్నట్టు, లేని మనిషిని లేనట్టు రాయించడమే అతని రోజువారీ పని.